కంపెనీ డిజిటల్ అయితే ఇన్‌సైడర్ ట్రేడింగ్ ఆగుతుందా? పోలేపల్లి నుంచి వచ్చిన ప్రశ్నకు నా జవాబు

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకూ అర్థం కావాలి కదా. మీరు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో, స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయిన ఒక ఫార్మా కంపెనీ ప్లాంట్‌లో, క్వాలిటీ విభాగంలో పని చేస్తున్నారు. ఈ మధ్య కంపెనీ మొత్తం డిజిటల్ అయింది. కాగితం బ్యాచ్ రికార్డులు పోయాయి, ల్యాబ్‌కు సాఫ్ట్‌వేర్ వచ్చింది, కంపెనీ లెక్కలన్నీ ఒక్కచోట చేర్చే కొత్త ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ వచ్చింది, ప్లాంట్ లెక్కలన్నీ డ్యాష్‌బోర్డులో మీ ఫోన్‌లోనే కనబడుతున్నాయి. అన్నీ ఇంత బాహాటం అయ్యాక పైవాళ్లు లోపలి కబురుతో షేర్లు కొని అమ్ముకోవడం ఆగిపోతుందా అన్నది మీ మొదటి ప్రశ్న. నల్లగొండలో ఉన్న మీ బావ మీ కంపెనీ షేర్లు కొంటానంటున్నాడు, తప్పేమైనా ఉందా అన్నది రెండోది. దాన్ని మీరు చివర్లో మాటవరసకు అడిగినట్టు అడిగారు. నాకు మాత్రం అసలు ప్రశ్న అదే అనిపించింది.

నేను లిస్టెడ్ కంపెనీల్లో కంపెనీ సెక్రటరీగా, షేర్ల నిబంధనలు పాటిస్తున్నారో లేదో చూసే కంప్లయన్స్ ఆఫీసర్‌గా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం కృష్ణా ఒడ్డున ఉన్న సిమెంట్ కంపెనీల్లోనే గడిచింది. ఫార్మా నాకు పక్కింటి వ్యవహారం, అంత లోతు తెలియదు. కానీ షేర్ల చట్టం సిమెంట్‌కైనా మందులకైనా ఒకటే.

నా జవాబు: ఆగదు, చోటు మారుతుంది. ఒకప్పుడు బోర్డు రూమ్‌లో నలుగురికి తెలిసే విషయం ఇప్పుడు ప్లాంట్ ఫ్లోర్‌కు, సర్వర్ రూమ్‌కు, హైదరాబాద్‌లో కూర్చున్న కన్సల్టెంట్ ల్యాప్‌టాప్‌కు దిగి వచ్చింది. రహస్యం రహస్యంగా ఉండే రోజులు తగ్గాయి, అది తెలిసినవాళ్ల సంఖ్య పెరిగింది. ఆ పెరిగినవాళ్లలో మీరు ఒకరు.

సిమెంట్ నుంచే మొదలుపెడతాను. మట్టంపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి వైపు తిరిగినవాళ్లకు తెలుసు, ఫ్యాక్టరీ గేటు ముందు లారీల వరస చూస్తే అమ్మకాలు ఎలా ఉన్నాయో చెప్పేయొచ్చు. వరస రోడ్డు దాకా వస్తే సీజన్ బాగుంది, డ్రైవర్లు చెట్టు కింద పడుకుని ఉంటే గిరాకీ లేదు. రోడ్డు పక్కన టీకొట్టు పెట్టుకున్నవాడు రోజూ లారీలు లెక్కపెట్టి, ఈ క్వార్టర్ (ఈ మూడు నెలలు) ఈ కంపెనీకి తిరుగులేదని నమ్మి షేర్లు కొన్నాడనుకోండి. అది నేరం కాదు. ఆ వరస దారిన పోయే ఎవరికైనా కనబడుతుంది. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధనల భాషలో అది అందరికీ అందుబాటులో ఉన్న సమాచారం. ఓపిగ్గా లెక్కపెట్టిన తెలివి అతనిది.

అదే గేటు లోపల కాటా మీద తూకం వేసే గుమాస్తా సంగతి వేరు. చేత్తో చీటీలు రాసే రోజుల్లో అతనికి తన షిఫ్టు లారీలే తెలిసేవి. అన్ని షిఫ్టులు, అన్ని ప్లాంట్లు, టన్నుకు వచ్చిన ధర, బొగ్గు ఖర్చు ఇవన్నీ ఒక్కచోట చేరేది అకౌంట్స్ జీఎం టేబుల్ మీద, అదీ క్వార్టర్ అయిపోయిన రెండు మూడు వారాలకు. లాభమెంతో ముందుగా తెలిసేది చాలా కొద్దిమందికి. అందుకే ఆ రోజుల్లో ఇన్‌సైడర్ అంటే డైరెక్టర్, అతని కుటుంబం, ఆడిటర్. మిగతావాళ్ల చేతుల్లో ముక్కలు ముక్కలుగా ఉన్న సమాచారంతో ఏమీ తేలేది కాదు.

ఈఆర్‌పీ చేసే పని ఆ ముక్కల్ని కలపడమే. కాటా, గోడౌన్, ఈ-ఇన్‌వాయిస్, కరెంట్ మీటర్ అన్నీ ఒకే తెర మీదికి వస్తాయి. యాజమాన్యానికి అది వరం, కాదనను. కానీ ఆ తెర చూసేందుకు లాగిన్ ఎంతమందికి ఇచ్చారో ఎవరూ లెక్క పెట్టరు. ప్రాజెక్టు నడిచేటప్పుడు టెస్టింగ్ కోసం తెరిచిన యాక్సెస్ సిస్టమ్ అసలు పనిలోకి దిగాక (గో-లైవ్) కూడా అలాగే ఉండిపోతుంది. డ్యాష్‌బోర్డు పెడుతున్నామని నా దగ్గరికి ఎవరు వచ్చినా నేను అడిగే మొదటి మాట, ఇది ఎవరెవరికి కనబడుతుంది అని. చాలాచోట్ల ఐటీ మేనేజరు ఒక లిస్టు ఇస్తాడు, లోపలి సమాచారం అందేవాళ్లని కంపెనీ గుర్తించిన ఉద్యోగుల పట్టిక, అంటే నా డిజిగ్నేటెడ్ పర్సన్ల లిస్టు, పక్కన పెట్టి చూస్తే రెండూ కలవవు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నిబంధనల ప్రకారం క్వార్టర్ ముగిసిన రోజు నుంచి ఫలితాలు ప్రకటించి 48 గంటలు గడిచేదాకా ట్రేడింగ్ విండో, అంటే ఆ లిస్టులో ఉన్నవాళ్లు కంపెనీ షేర్లు కొని అమ్ముకోగల సమయం, మూసి ఉంచాలి. అంటే మార్చి 31 తర్వాత మూత, మే నెలలో ఫలితాలు వచ్చాక తెరవడం. లెక్కలు క్వార్టర్ అయిపోయాకే తేలే కాలానికి ఈ పద్ధతి సరిపోయింది. ఇప్పుడు మంచి ఈఆర్‌పీ ఉన్న కంపెనీలో మార్చి 20కే ఆ క్వార్టర్ లాభం దాదాపుగా తెర మీద కనబడుతుంది. విండో మాత్రం ఇంకా తెరిచే ఉంటుంది. పది రోజుల పాటు సమాచారం లోపల ఉంది, తలుపు బార్లా తీసి ఉంది. కీలకమైన సమాచారం చేతిలో ఉండవచ్చనిపిస్తే విండో ముందే మూసే బాధ్యత కంప్లయన్స్ ఆఫీసర్‌దే. కానీ చాలామంది క్యాలెండర్ చూసి మూస్తారు, డ్యాష్‌బోర్డు చూసి కాదు. నా అభిప్రాయంలో డిజిటల్ మార్పు తెచ్చిన పెద్ద కంత ఇదే.

మీ ఫార్మాలో ఇంతకన్నా పదునైన విషయం ఉంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీకి వస్తుంది. చివరి రోజు ముగింపు మీటింగులో లోపాలేమైనా ఉంటే వాటి పట్టిక (ఫారం 483) చేతిలో పెట్టి వెళ్తారు. వాటికి 15 పనిదినాల్లో కంపెనీ జవాబు రాయాలి. ఎన్ని అబ్జర్వేషన్లు వచ్చాయి, అవి డేటా ఇంటెగ్రిటీ (రికార్డుల నిజాయితీ) మీదా లేక గోడకు రంగు ఊడిన సంగతి మీదా అన్నది షేరు ధరను ఒక్కరోజులో అటూ ఇటూ చేస్తుంది. ఇలా బయటి నుంచి వచ్చే ముఖ్యమైన సంఘటనలను కంపెనీ 24 గంటల్లో ఎక్స్ఛేంజ్‌కు చెప్పాలి, లోపల పుట్టినవైతే 12 గంటల్లో. కానీ క్వాలిటీలో ఉన్న మీలాంటివాళ్లకు ముగింపు మీటింగ్ కన్నా ముందే వాసన తెలుస్తుంది. ఇన్‌స్పెక్టర్ ఏ ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే జాడ) ప్రింటు అడిగాడో, ఏ క్రొమాటోగ్రామ్ (ల్యాబ్ పరీక్ష గ్రాఫు) దగ్గర ఎంతసేపు ఆగాడో సిస్టమ్‌లో కనబడుతూనే ఉంటుంది.

2025 మార్చిలో సెబీ చేసిన సవరణ అదే ఏడాది జూన్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. కంపెనీ బయట పుట్టిన సమాచారానికి ట్రేడింగ్ విండో మూయడం తప్పనిసరి కాదని, దాన్ని కంపెనీ తన డేటాబేస్‌లో (దాని సంగతి కింద చెప్తాను) రెండు రోజుల్లోగా ఎక్కిస్తే చాలని అందులో వెసులుబాటు ఇచ్చారు. ఇది కంపెనీలకు ఇచ్చిన వెసులుబాటు, మీకు ఇచ్చింది కాదు. విండో తెరిచి ఉంది కాబట్టి కొనొచ్చు అనుకోవడం చాలామంది పడే గొయ్యి. బయటపడని కీలక సమాచారం చేతిలో ఉంచుకుని ట్రేడ్ చేయకూడదన్న నాలుగో నిబంధన విండోతో సంబంధం లేకుండా రోజూ అమల్లో ఉంటుంది. పైగా ఆ సమాచారం ఉన్నప్పుడు చేసిన ట్రేడ్ దాని ప్రేరణతోనే జరిగిందని సెబీ ముందే భావిస్తుంది. చెల్లెలి పెళ్లికి డబ్బు కావాలి, అందుకే అమ్మాను అంటే ఆ కారణం నిజమే అయినా గట్టెక్కించకపోవచ్చు.

ఇక మీరు చట్టం దృష్టిలో ఎవరు? 2015 మే 15 నుంచి అమల్లో ఉన్న సెబీ నిబంధనల్లో ఇన్‌సైడర్ అంటే కంపెనీతో సంబంధం ఉన్న వ్యక్తి, లేదా ఎలా వచ్చినా సరే ఆ సమాచారం చేతిలో ఉన్న వ్యక్తి. హోదా అక్కర్లేదు. డిజిగ్నేటెడ్ పర్సన్లు అని బోర్డు ఒక జాబితా తయారు చేస్తుంది. సీఈఓ, ఆయనకు రెండు మెట్లు కింది దాకా ఉన్న ఉద్యోగులు పని ఏదైనా సరే అందులో ఉంటారు. వాళ్లతో పాటు అలాంటి సమాచారం అందే సహాయక సిబ్బంది కూడా ఉండాలని, ఐటీ సిబ్బంది, సెక్రటేరియల్ సిబ్బంది అని పేరు పెట్టి మరీ రాశారు. ఆ జాబితాలో ఉన్నవాళ్లు ఏటా తమ దగ్గరి బంధువుల పేర్లు, పాన్ నంబర్లు, ఫోన్ నంబర్లు కంపెనీకి ఇవ్వాలి. ఒక్కసారి మాత్రం ఏ కాలేజీలో డిగ్రీ చదివారో, ఇంతకు ముందు ఎక్కడెక్కడ పని చేశారో కూడా ఇవ్వాలి. కాలేజీ ఎందుకని నన్ను అడగని ఉద్యోగి లేడు. కాలేజీ స్నేహితుల మధ్యే కబుర్లు దొర్లుతాయి కాబట్టి అడిగారు, అంతే.

ఐటీవాళ్ల విషయంలో అమెరికాలో జరిగిన ఒక కేసు మీకు తప్పక చెప్పాలి. 2017లో ఎక్విఫాక్స్ అనే క్రెడిట్ సమాచార సంస్థలో దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. సెప్టెంబరు 7న కంపెనీ ప్రకటించింది. అంతకు ముందే, ప్రజలు తమ వివరాలు పోయాయో లేదో చూసుకునే వెబ్‌సైట్ తయారు చేయమని ఒక సాఫ్ట్‌వేర్ మేనేజర్‌కు పని అప్పగించారు. అతను మన తెలుగువాడి పేరున్న ఇంజనీరు. ఇది ఎవరో బయటి క్లయింట్ కోసం అని చెప్పారే తప్ప సొంత కంపెనీకే అని చెప్పలేదు. అతను పని చూసి విషయం తనే ఊహించాడు. షేరు పడితే లాభం వచ్చే పుట్ ఆప్షన్లు కొన్నాడు, 75 వేల డాలర్లకు పైగా సంపాదించాడు. చివరికి నేరం ఒప్పుకుని ఎనిమిది నెలలు ఇంట్లో నిర్బంధంలో ఉండాల్సిన శిక్ష పడింది. అదే కంపెనీలో ఒక విభాగం సీఐఓ (ఐటీ అధిపతి), ఇలాంటి చోరీ జరిగినప్పుడు ఇంకో కంపెనీ షేరు ఎంత పడిందో వెబ్‌లో వెతికి, కంపెనీ తనకిచ్చిన స్టాక్ ఆప్షన్లన్నీ వాడుకుని వచ్చిన షేర్లు అమ్మేశాడు. అతనికి నాలుగు నెలల జైలు. ఆ వెతుకులాటే అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం అయింది.

ఆ ఇంజనీరుకు ఎవరూ రహస్యం చెప్పలేదు. పని అప్పగించారు, అంతే. డిజిటల్ కంపెనీలో రహస్యం ఇలాగే చేరుతుంది. ఏ ప్లాంట్ డేటా ఉన్నట్టుండి వేరే సర్వర్‌కు మార్చమన్నారో చూసి ఆ యూనిట్ అమ్మేస్తున్నారని ఐటీ కుర్రాడు కనిపెడతాడు. ఏ ఉత్పత్తి కోడ్‌ను ఈఆర్‌పీలో ఆపేయమన్నారో చూసి ఇంకొకడు ఇంకేదో కనిపెడతాడు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, పైవాళ్ల సంగతి. మామూలు అమ్మకాలు, లాభాలు, స్టాకు లెక్కల్లో వాళ్లకు ఉన్న ముందస్తు లాభం నిజంగానే తగ్గింది. లెక్కలు త్వరగా తేలతాయి, ఎక్స్ఛేంజ్‌కు త్వరగా చేరతాయి, జీఎస్టీ వసూళ్లు, ఈ-వే బిల్లుల సంఖ్యలు నెలనెలా బయటికొస్తాయి, అనలిస్టులు వాటితోనే రంగం ఎలా ఉందో అంచనా వేస్తున్నారు. కంపెనీ లోపలివాడికి, బయటివాడికి మధ్య దూరం తగ్గితే లోపలి కబురు విలువ కూడా తగ్గుతుంది. ఈ వాదన చేసేవాళ్లు చెప్పేది సగం నిజం.

మిగతా సగం ఏమిటంటే, డిజిటల్ ప్రాజెక్టే ఒక కొత్త రహస్యం. సిమెంట్ కంపెనీ కొత్త కిల్న్ (సున్నపురాయి కాల్చే కొలిమి) కడితే మట్టంపల్లి రోడ్డు మీద బస్సులో పోయేవాడికి కూడా టవర్ కనబడుతుంది. సాఫ్ట్‌వేర్ మీద వందల కోట్లు పెడితే బయట ఏమీ కనబడదు. లెక్కల ప్రమాణాల ప్రకారం సిబ్బంది శిక్షణ ఖర్చును ఆ ఏడాది ఖర్చు కిందే రాసేయాలి, ఆస్తిగా చూపకూడదు. అందువల్ల బ్యాలెన్స్ షీట్ చూసి ప్రాజెక్టు ఎంత దూరం వచ్చిందో, నడుస్తోందో మునిగిందో చెప్పలేం. వార్షిక నివేదికలో మాత్రం క్లౌడ్, ఏఐ, డిజిటల్ ట్విన్ అన్న మాటలు పేజీకి నాలుగు చోట్ల ఉంటాయి. వాటిలో ఏది పని చేస్తోందో తెలిసింది లోపలివాళ్లకే. పరిశోధన, అభివృద్ధి మీద ఎక్కువ ఖర్చు పెట్టే అమెరికన్ కంపెనీల్లో లోపలివాళ్లు సొంత షేర్లలో సంపాదించేది మిగతా కంపెనీల కన్నా చాలా ఎక్కువని 2000లో వచ్చిన ఒక పేరున్న అధ్యయనం చూపించింది. కంటికి కనబడని ఆస్తి ఎక్కడుంటే అక్కడ లోపలివాడికి అలుసు. డిజిటల్ ఖర్చు కూడా అలాంటిదేనని నా నమ్మకం.

ప్రాజెక్టు దెబ్బతింటే ఏమవుతుందో చూడాలంటే 1999 నాటి హెర్షీ చాక్లెట్ కంపెనీని చూడండి. కొత్త ఈఆర్‌పీ జులైలో మొదలుపెట్టారు. హాలోవీన్ పండుగ సీజన్‌కు గోడౌన్లలో చాక్లెట్లు ఉన్నాయి, కానీ సిస్టమ్ ఆర్డర్లు పంపలేకపోయింది. దాదాపు 10 కోట్ల డాలర్ల సరుకు సమయానికి చేరలేదు, ఆ క్వార్టర్ లాభం 19 శాతం పడిపోయింది. అక్కడ ఎవరూ తప్పుడు ట్రేడింగ్ చేశారని నేను చెప్పడం లేదు. సరుకు కదలడం లేదన్న సంగతి గోడౌన్‌లో ఉన్నవాడికి ముందు తెలుస్తుంది, మదుపరికి వారాల తర్వాత తెలుస్తుంది అన్నదే చూడమంటున్నాను. ఇన్వెస్టర్‌గా చదివేవాళ్లకు ఒక సలహా. కంపెనీ తన డిజిటల్ గొప్పలు చెప్పుకున్న తర్వాతి నెలల్లో ప్రమోటర్లు, డైరెక్టర్లు కొన్నారా అమ్మారా అని ఎక్స్ఛేంజ్ సైట్లో చూడండి. ఒక క్యాలెండర్ క్వార్టర్‌లో 10 లక్షల రూపాయలు దాటిన ట్రేడ్ల వివరాలు బయటికి రావాల్సిందే.

డిజిటల్ కాంట్రాక్టు వార్తే కేసుగా మారిన సందర్భం మన దేశంలోనూ ఉంది. 2020 జులైలో అమెరికా సంస్థ వ్యాన్‌గార్డ్ రికార్డుల వ్యవస్థను డిజిటల్‌గా మార్చే పెద్ద ఒప్పందాన్ని ఇన్ఫోసిస్ ప్రకటించింది. ఆ విషయం ముందే తెలిసి ట్రేడ్ చేశారన్న ఆరోపణ మీద ఇద్దరిపై సెబీ 2021 సెప్టెంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మారుతున్న కంపెనీలో ఒక రహస్యం పుడితే, మార్చే కంపెనీలో ఇంకొకటి పుడుతుంది. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మన పాలమూరు, నల్లగొండ పిల్లల్లో చాలామంది రెండో వైపు ఉన్నారు. క్లయింట్ కంపెనీ షేర్లు కూడా తమకు నిషిద్ధం కావచ్చని వాళ్లలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

డిజిటల్ వల్ల నిజంగా మెరుగైంది జాడ. మీకు ఇది సులభంగా అర్థమవుతుంది. ఎఫ్‌డీఏ 1997లోనే ఎలక్ట్రానిక్ రికార్డుల మీద 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 తెచ్చింది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెరిపేయలేని ఆడిట్ ట్రెయిల్ ఉండాలని. సెబీ అడిగే స్ట్రక్చర్డ్ డిజిటల్ డేటాబేస్ షేర్ల లోకంలో దానికి తమ్ముడు. కీలక సమాచారం ఎవరు ఎవరికి ఇచ్చారు, ఏ సమాచారం, వాళ్ల పాన్ ఏమిటి అన్నది సమయం ముద్రతో నమోదు చేయాలి. కంపెనీ లోపలే నిర్వహించాలి, బయటివాళ్లకు అప్పగించకూడదు, ఎనిమిదేళ్లు దాచాలి. ఎక్సెల్ షీటులో రాసుకుంటే చెల్లదు, జాడ లేకుండా మార్చేయొచ్చు కదా, మీకు వేరే చెప్పక్కర్లేదు. విండో మూసిన రోజుల్లో డిజిగ్నేటెడ్ పర్సన్ల పాన్‌ను ఆ ఒక్క షేరు వరకు, డీమ్యాట్ షేర్లు దాచే డిపాజిటరీలోనే స్తంభింపజేసే ఏర్పాటు 2022 అక్టోబరులో పెద్ద కంపెనీలతో మొదలై తర్వాత అన్నింటికీ వచ్చింది. 2025 సర్క్యులర్‌తో దగ్గరి బంధువుల పాన్‌లకు కూడా. పొరపాటున ఆర్డర్ పెట్టి, అయ్యో మర్చిపోయాను అనే రోజులు పోయాయి. నా ఉద్యోగ జీవితంలో చూసిన ఉల్లంఘనల్లో ఎక్కువ భాగం ఈ మర్చిపోయిన రకమే, కాబట్టి ఈ ఒక్క ఏర్పాటు చేసిన మేలు చాలా పెద్దది.

కానీ జాడ కంపెనీ సర్వర్ దాటాక సన్నబడుతుంది. 2017లో డజను దాకా పెద్ద కంపెనీల ఫలితాలు ప్రకటనకు ముందే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయని వార్త వచ్చింది. సెబీ దర్యాప్తు చేసింది, ఫోన్లు పట్టుకుంది, జరిమానాలు వేసింది. కానీ ఆ సందేశం కంపెనీలో ఎవరి దగ్గర పుట్టిందో చూపించలేకపోయింది. 2021లో సెబీ ఉత్తర్వుల మీద అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ శాట్ వాటిని కొట్టేసింది, 2022లో సుప్రీంకోర్టులో కూడా సెబీకి ఊరట దొరకలేదు. అదే ఏడాది పీసీ జువెలర్ కేసులో సుప్రీంకోర్టు చుట్టరికం ఉన్నంత మాత్రాన సమాచారం చేరిందని అనుకోకూడదని చెప్పింది. డ్యాష్‌బోర్డు తెరకు ఇంకో ఫోన్‌తో ఫొటో తీస్తే ఏ ఆడిట్ ట్రెయిల్‌లోనూ పడదు. పెళ్లి భోజనాల పంక్తిలో చెవిలో వేసిన మాట అంతకన్నా పడదు. కాబట్టి సాఫ్ట్‌వేర్ పెట్టాం, ఇక మా కంపెనీ భద్రం అని బోర్డుకు చెప్పే కన్సల్టెంట్‌ను నేను నమ్మను.

సరే, మీ బావ దగ్గరికి వద్దాం. 2015 నిబంధనల్లో దగ్గరి బంధువు అన్న మాటకు అర్థం ఇరుకుగా ఉండేది: భార్య లేదా భర్త, ఆపైన మీ ఇద్దరి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, అదీ ఆర్థికంగా మీ మీద ఆధారపడితేనో, షేర్ల విషయం మిమ్మల్ని అడిగి చేస్తేనో. 2024 డిసెంబరులో సెబీ దానితో పాటు బంధువు అనే విశాలమైన నిర్వచనం తెచ్చి, అందులోని వాళ్లను కంపెనీతో సంబంధం ఉన్నవాళ్లుగా భావిస్తామంది. తోబుట్టువులు, భార్య తోబుట్టువులు, తోబుట్టువుల భార్యాభర్తలు అందరూ వస్తారు. అంటే అక్క మొగుడైన బావ వస్తాడు, భార్య తమ్ముడైన బామ్మర్ది వస్తాడు, వదిన వస్తుంది. మేనమామ కొడుకైన బావ ఈ జాబితాలో లేడు. మీరు చెప్పింది ఏ బావో రాయలేదు. ఇంకొకటి, ఒకే ఇంట్లో ఉండేవాళ్లను కూడా ఆ సవరణ కలుపుకుంది. జడ్చర్లలో నలుగురు కలిసి గది అద్దెకు తీసుకుని ఉండే కుర్రాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవాలి.

జాబితాలో ఉన్న బావకు, లేని బావకు తేడా నిరూపణ భారంలో ఉంది. సంబంధం ఉన్న వ్యక్తి అయితే తన దగ్గర సమాచారం లేదని అతనే చూపించుకోవాలి. కానివాడైతే సమాచారం ఉందని సెబీ చూపించాలి. మీరు నిజంగా ఏదైనా చెప్పి ఉంటే మాత్రం ఏ బావ అయినా ఒకటే. చెప్పినందుకు మీరు మూడో నిబంధన కింద, కొన్నందుకు అతను నాలుగో నిబంధన కింద దొరుకుతారు. జరిమానా కనీసం 10 లక్షలు. గరిష్ఠం 25 కోట్లు లేదా వచ్చిన లాభానికి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అది. లాభం 8 వేలే వచ్చింది కదా అంటే కింది హద్దు తగ్గదు. సెబీ చట్టంలో పదేళ్ల దాకా జైలు శిక్షకు కూడా చోటుంది.

అలాగని మీ చుట్టాలంతా జన్మలో మీ కంపెనీ షేరు ముట్టకూడదని కాదు. మీ దగ్గర ఏ కీలక సమాచారమూ లేని రోజుల్లో, విండో తెరిచి ఉన్నప్పుడు, మీ కంపెనీ కోడ్ ప్రకారం ముందస్తు అనుమతి అవసరమైతే తీసుకుని కొనొచ్చు. డిజిగ్నేటెడ్ పర్సన్ అయితే కొన్న ఆరు నెలల లోపు అమ్మకూడదన్న సంగతి గుర్తుంచుకోవాలి. రోజువారీ ఒక బ్యాచ్ పాసైందా ఫెయిలైందా అన్నది సాధారణంగా ధరను కదిలించే సంగతి కాదు. ఎఫ్‌డీఏ తనిఖీ నడుస్తున్న వారం, ఒక పెద్ద ఉత్పత్తిని వెనక్కి రప్పిస్తున్న వారం, ప్లాంట్ మొత్తం దిగుబడి లెక్క తేలుతున్న క్వార్టర్ చివరి వారాలు వేరు. ఆ రోజుల్లో మీ బావ కొంటే, మీరేమీ చెప్పలేదని మీకు తెలుసు, మీ బావకు తెలుసు, మూడోవాడికి నిరూపించడం కష్టం. మీ లాగిన్ మాత్రం ఆ ఉదయం 9.10కి డ్యాష్‌బోర్డు తెరిచినట్టు చెబుతూనే ఉంటుంది.

మీరు చేయాల్సింది ఒక మెయిల్. కంపెనీ సెక్రటరీ లేదా కంప్లయన్స్ ఆఫీసర్‌కు రాయండి, పేరు కంపెనీ వెబ్‌సైట్లో ఉంటుంది. నేను డిజిగ్నేటెడ్ పర్సన్ల జాబితాలో ఉన్నానా, నాకు ఫలానా డ్యాష్‌బోర్డు యాక్సెస్ ఉంది, నా బంధువు కంపెనీ షేర్లు కొనాలనుకుంటే ఏ పద్ధతి పాటించాలి అని అడగండి. హెచ్‌ఆర్‌ను నోటిమాటగా అడిగితే సరిపోదు, రాతలో ఉండాలి. అవసరం లేని స్క్రీన్లు మీ లాగిన్‌లో ఉంటే తీసేయమని ఐటీకి రాయండి. చూడని దానికి జవాబు చెప్పుకోవాల్సిన పని ఉండదు.

మీ ప్రశ్నలో బావ కొంటానంటున్నాడు అని రాశారు. ఇలాంటప్పుడు చాలాసార్లు అప్పటికే కొనేసి ఉంటారు, అందుకే ఈ ఒక్క మాట. కొని ఉంటే ఏ తేదీన, ఎన్ని అన్నది అదే మెయిల్‌లో రాయండి. కంప్లయన్స్ ఆఫీసర్ జవాబు వచ్చేదాకా ఆ షేర్లు అలాగే ఉండనివ్వండి. భయపడి, బావా వెంటనే అమ్మేయ్ అని ఫోన్ మాత్రం చేయకండి. అమ్మడం కూడా ట్రేడే.